ఇడుపు ముడి

చేయవలసిన పనులు ఇవి:

ఒకటి, ఒంట్లో ఏ రోగమూ లేదని సర్కారు దవాఖాన డాక్టరు కాగితం. రెండు, ఈత వచ్చునని సర్పంచు సంతకం. మూడు, కాన్వాసు బూట్లు. నాలుగు, టార్చిలైటు, కొత్త సెల్లులు. ఐదు, దుప్పటి. ఆరు, పళ్లెం, గ్లాసు, లోటా. ఏడు, రెండు జతల బట్టలు, అవి తడవకుండా ప్లాస్టిక్ కవర్లు. ఎనిమిది, ఇరవై అడుగుల తాడు. తొమ్మిది, అన్నీ కలిపి ఆరు కిలోలకు మించని సంచి. పది, శనివారం పొద్దున పదింటికల్లా కోదాడలో హాజరు.

పదకొండోది కాలేజీవాళ్లు ఇచ్చిన కాగితంలో అన్నిటికన్నా ముందుంది. రాందాసు దాన్ని కిందికి దించి రాసుకున్నాడు: ఇంటి పెద్ద సంతకం గాని, వేలిముద్ర గాని.

అది 1988 డిసెంబరు. రాందాసు సూర్యాపేటలో డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాడు. నాగార్జునసాగర్ నీళ్ల మీద తెరచాప పడవలో మూడు రోజులు తిరిగివచ్చే ప్రయాణానికి కాలేజీలో ఆరుగురిని ఎంపిక చేశారు. వెంట ఉండి నడిపించేది మోతీలాల్ అనే కోదాడ మనిషి. నేవీలో పదిహేనేళ్లు చేసి వచ్చినవాడు. గాలిని బట్టి చాప తిప్పడం, నీళ్ల నడుమ తేలిన గుట్టల మీద దిగి చెట్లనూ పిట్టలనూ గుర్తుపట్టడం, అక్కడే వండుకు తినడం నేర్పిస్తాడు. శనివారం కోదాడలో ఆయనే అందరి సామానూ తనిఖీ చేస్తాడు. కాగితంలో రాసినదాంట్లో ఒక్కటి తక్కువైనా ఆ పిల్లవాణ్ని బస్సెక్కించి వెనక్కి పంపేసి, జాబితాలో ఏడో పేరువాణ్ని పిలుస్తాడు.

ఆరుగురిలో తండా నుంచి వచ్చినవాడు రాందాసు ఒక్కడే. ఇంట్లో పదో తరగతి దాటినవాడూ అతనొక్కడే. ఎవరైనా చేతికొక కాగితమిచ్చి ఇట్లా చెయ్యమంటే, అందులో ఉన్నది ఉన్నట్టు చెయ్యడం తప్ప అతనికి వేరే తెలియదు. నోటుబుక్కు ఆఖరి పేజీలో ఈ పదకొండూ రాసుకుని, అయినదాని పక్కన టిక్కు పెట్టుకుంటూ వచ్చాడు.

హాస్టల్లో అతని గదిలో ఉండే తిరుపతయ్య కూడా ఆ ఆరుగురిలో ఒకడు. అతని ఊరు మోతె. గొర్రెలు కాచే ఇల్లు. దుప్పటి కావాలని కబురు పెడితే వాళ్ల నాయన కొత్త గొంగడే పంపించాడు. బూట్ల కోసం ఇద్దరూ కలిసి సూర్యాపేట బజారంతా తిరిగారు. పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా చెప్పులెరగని రాందాసు పాదం వేళ్ల దగ్గర చేటలాగా విచ్చుకుని ఉంటుంది. ఏ బూటూ పట్టలేదు.

"నీ కాలికి బూట్లు గాదురా, లాడాలు కొట్టియ్యాలె," అన్నాడు తిరుపతయ్య.

"లాడాలు ఎద్దుకు గొడ్తరు."

"నేను వేరే అన్ననా?"

చివరికి ఒక నంబరు పెద్దవి తీసుకుని, ముందు భాగంలో దూది కూరుకున్నాడు. దవాఖానలో డాక్టరు నాలుక చూసి, రొమ్ము మీద గొట్టం పెట్టి, "పడవెక్కక ముందే గుండె గిట్ల కొట్టుకుంటే ఎక్కినంక ఎట్లయ్యా," అంటూనే సంతకం పెట్టాడు. ఈత కాగితం మీద సర్పంచు చదవకుండానే సంతకం గీకాడు. బుధవారం సాయంత్రానికి రాందాసు పెన్‌పహాడ్ బస్సు దిగి తండా దారి పట్టేసరికి శనివారం హాజరు గాక మిగిలినవి మూడే: తాడు, సంచి, వేలిముద్ర.

ఇంట్లో ఇంటి పెద్ద అంటే తాత రూప్లానే. తండ్రి జైరాం మిర్యాలగూడలో ఒక రైసుమిల్లు దగ్గర హమాలీ. నెలకోసారి ఇంటికి వస్తాడు. కాగితం సంగతి చెబితే, "దాదా ముద్ర ఏస్తే నేను ఏసినట్టే. ఆయన కాదంటే నన్ను అడగకు," అని తేల్చేశాడు.

రూప్లాకు అప్పటికి డెబ్బై అయిదు దాటాయి. చెవులు బాగా వినిపిస్తాయి, నడుము నిటారుగా ఉంటుంది. పొద్దస్తమానం ఇంటి ముందు కూర్చుని జనపనారతో తాళ్లు పేనుతుంటాడు. తండాలో ఏ బర్రె మెడలో చూసినా ఆయన పేనిన తాడే. మనుమడు ఎక్కడికో క్యాంపుకు పోతున్నాడనీ, ఇరవై అడుగుల తాడు కావాలనీ కోడలు సక్కుబాయి చెప్పగానే అన్ని పనులూ పక్కకు పెట్టి దానికే కూర్చున్నాడు. సంచి కుట్టే పద్ధతి కూడా ఆయనే చెప్పాడు.

రాందాసు సంచి అందుకుని తిప్పి చూశాడు. అది ఒక సంచి కాదు, రెండు. యూరియా బస్తాలు కడిగి, లోపలి ప్లాస్టిక్ పొర అట్లాగే ఉంచి, రెండు చిన్న సంచులు కుట్టి, వాటి నడుమ జానెడు వెడల్పు పట్టీ వేసింది సక్కుబాయి. భుజాన వేసుకుంటే ఒకటి ముందు, ఒకటి వెనక వేలాడతాయి. అంచుకు ఎర్రదారంతో నాలుగు వరసలు కుట్టు కూడా వేసింది.

"యాడీ, ఒక్క సంచి అని రాసిన్రు కాగితంల," అన్నాడు తల్లితో.

"మీ దాదాను అడుగు. ఒక్కటి కుడితే ఇప్పేయమన్నడు."

"బరువంతా ఒక్క దిక్కే ఉంటదా ఎక్కడన్న," అన్నాడు రూప్లా తలెత్తకుండానే. "జోడు ఉండాలె. మా బాపు ఎడ్లకు గిట్లనే ఉంటుండె. ఎన్ని కోసులు నడిసినా ఎద్దు వీపు కమిలేది గాదు."

"నేను ఎద్దునా దాదా?"

"ఎద్దయితే మంచిగుండు. చెప్పినట్టు వింటది." తాడు తొడ మీద ఒక్కసారి పేని, అప్పుడడిగాడు. "యాడికి పోతున్నవ్ గింతకు?"

"సాగర్‌కు. పడవల. మూడు దినాలు నీళ్ల మీదనే."

రూప్లా చేతిలో నార ఆగిపోయింది.

"పడవల ఎందుకు? రోడ్డు లేదా?"

"పోయేటందుకు గాదు దాదా. పడవ నడుపుడు నేర్సుకునేటందుకు."

"నీళ్లు లేక చెలకల కంది ఎండుతున్నది. గీడ నేర్సుకో నీళ్ల సంగతి."

సక్కుబాయి నవ్వింది. రూప్లా నవ్వలేదు. రాందాసు జేబులోంచి కాగితం తీసి, ముద్ర వెయ్యవలసిన చోటు చూపించాడు. ముసలాయన కాగితం వంక చూడనైనా చూడలేదు.

"నేను ఎయ్య," అని లేచి లోపలికి పోయాడు.

రూప్లాకు నది గిట్టదని తండాలో అందరికీ తెలుసు. తండా అంతా ట్రాక్టరెక్కి సాగర్ డ్యాం చూడటానికి పోయినప్పుడు ఆయన ఒక్కడే బర్రెలతో ఉండిపోయాడు. కృష్ణకు పుష్కరాలు వచ్చినప్పుడు వాడపల్లికి రమ్మని కొడుకు ఎంత బతిమాలినా కదలలేదు. అదొక మొండితనం అనుకునేవారు తప్ప, ఎందుకని ఎవరూ అడిగింది లేదు.

గురువారం పొద్దున రాందాసు వెళ్లి తాత ఎదురుగా కూర్చున్నాడు. అడగలేదు. తాడు రెండో కొస పట్టుకుని, పురి తిప్పడానికి సాయం పట్టాడు. ఇప్పటికీ అతనికి ఆ రోజులు తలపుకొస్తే మొదట గుర్తొచ్చేది సాగర్ నీళ్లు కాదు, పొద్దుటి ఎండలో ఆ తడి జనపనార వాసన.

చాలాసేపటికి రూప్లానే అడిగాడు. "పడవల సామాను ఎట్ల పెడ్తరు?"

"కడ్తరు దాదా. కదలకుంట గట్టిగ కట్టాలెనని రాసిన్రు."

"గట్టిగ," అన్నాడు రూప్లా.

ఆ మాట ఇంకోసారి అన్నాడు. తాడు కింద పెట్టి, చేతులు ధోవతికి తుడుచుకున్నాడు. తండాలో ఇళ్లలో మాట్లాడేది లంబాడీయే. ఆ పొద్దున ఆయన చెప్పిందీ లంబాడీలోనే. తర్వాత ఎంతమందికి ఎన్నిసార్లు తెలుగులో చెప్పవలసి వచ్చినా రాందాసు అందులో ఒక్క మాట ఎక్కువ చెయ్యలేదు.

"నాకు ఒక అన్న ఉండె. దీప్లా," అన్నాడు రూప్లా.

రాందాసు ఆ పేరు వినడం అదే మొదటిసారి.

"నాకు పన్నెండేండ్లు, దీప్లాకు పదహారు. బాపుకు ఇరవై ఎడ్లు. సముద్రం దిక్కు పోయి ఉప్పు తెస్తుంటిమి. ఎద్దుకు రెండు దిక్కుల రెండు గోనెలు, నడుమ ఇడుపు ముడి. జారుముడి గాదు. జారుముడి దానంతట అదే జారుతది. ఇది ఎంత బరువు పడ్డా పట్టుకొనుంటది, నువ్వు కొస గుంజితెనే ఇడుస్తది. ఎద్దు యాడన్న పడ్డదనుకో, ఒక్క గుంజుకు బరువు కింద పడాలె. లేకుంటే లేవది. ఆ యేడు నాకు గూడ ఒక ఎద్దును అప్పజెప్పిన్రు. తెల్లది. ధోళ్యా అంటుంటిమి. రెండు మాట్ల నా ముడి ఊసిపోయి ఉప్పంత తొవ్వల పడ్డది. బాపు అందరి ముంగట తిట్టిండు. మూడోసారి నేనేం చేసిన? ఇడుపు ముడి కట్టి, దాని మీద పీటముడి ఏసిన. ఒకటి గాదు, రెండు. ఎవ్వరికి కానరాకుంట గుడ్డ కప్పిన."

ఆయన దొడ్డి వైపు చూశాడు. సక్కుబాయి దొడ్లో పేడ ఎత్తుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"వాడపల్లి కాడ కృష్ణ దాటుతున్నం. ఎండకాలం ఆఖరు. ఏటి నడుమ బొడ్డు దాంక ఉన్నయి నీళ్లు. ఎగువన యాడ కొట్టిందో వాన, మూసీల నీళ్లొచ్చి పడ్డయి. ఎడ్లు కొట్టుకపోతున్నయి. దీప్లా ఒక్కొక్క ఎద్దు కాడికి ఈదుకుంట పోయిండు. ఒక్క గుంజు, ఉప్పు నీళ్లపాలు, ఎద్దు ఒడ్డుకు. గట్ల పందొమ్మిది ఎడ్లు ఒడ్డుకొచ్చినయి. ఆఖరుకు ధోళ్యా కాడికి పోయిండు. గుంజిండు. రాలె. మల్ల గుంజిండు. తడిసిన ఉప్పు బండ తీరుగ అయితది బేటా. నేను ఒడ్డు మీదికెళ్లి సూస్తున్న. ఎద్దు మునిగింది. దీప్లా చెయ్యి ముడి మీదనే ఉండె."

"పీటముడి సంగతి మీ బాపుకు చెప్పినవా?" అని రాందాసు మెల్లగా అడిగాడు.

"లేదు. ఏరు తీస్కపోయిందన్నరు అందరు. నేను గూడ గదే అన్న." రూప్లా తాడు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. "మీ బాపుకు ముడి నేర్పిన గని గీ ముచ్చట చెప్పలె. నువ్వు నీళ్ల మీదికి పోతనంటున్నవ్ గాబట్టి చెప్పిన."

చదువుకున్నవాడు గనక రాందాసుకు ఏదో ఒకటి అనాలనిపించింది. 'పన్నెండేండ్ల పిల్లగానివి' అనబోయాడు. తాత మొహం చూసి ఊరుకున్నాడు.

"నేర్సుకో," అన్నాడు రూప్లా. "కండ్లు మూసుకొని కట్టాలె. తడి తాడు మీద ఎడమ చేత్తోని గుంజాలె. ఒక్క గుంజుకు రావాలె. అప్పుడు ఏస్త ముద్ర. రాకుంటే ఎయ్య."

"ఎడమ చెయ్యి ఎందుకు?"

"కుడి చెయ్యి ఎద్దును పట్టుకుంటది."

ఇక రెండు రోజులు బర్రెను కట్టేసే గుంజే అతనికి పడవ అయింది. తాడు మడిచి గుంజ వెనకనుంచి తేవాలి, ఆ మడతలోంచి ఇంకో మడత తియ్యాలి, అందులోంచి కొస మడత దూర్చి బిగించాలి. చూస్తే చిన్నపిల్లల ఆటలాగా ఉంటుంది. కట్టబోతే, ఏ మడత తర్వాత ఏ మడతో తెలియదు. సగం సార్లు బరువు పడగానే ఊడిపోయేది, సగం సార్లు లాగితే బిగుసుకుపోయేది. బిగుసుకున్న ప్రతిసారీ రూప్లా మొహం తిప్పుకునేవాడు. ఊడిపోయినప్పుడు మాత్రం ఏమీ అనేవాడు కాదు.

"బర్లకు తెచ్చిన నీళ్లు ముడికి తాపుతున్నరు ఇద్దరు కల్సి," అంది సక్కుబాయి, ఖాళీ అయిన మూడో బకెట్టు చూసి. "ఒక ముద్ర ఏసుడుకు గింత పంచాయితీనా మామా?"

"నువ్వు ఇంకో బకెట్టు తే," అన్నాడు రూప్లా.

శుక్రవారం పొద్దుగూకే వేళకు రాందాసు కళ్లు మూసుకుని, నీళ్లు కారుతున్న తాడుతో వరసగా ఏడుసార్లు కట్టాడు. ఏడుసార్లూ రూప్లా తన బరువంతా వేసి వేలాడాడు. ఏడుసార్లూ ఎడమ చేతి గుంజుకు ముడి కిమ్మనకుండా విడిపోయింది. చివరిసారికి ముసలాయన చతికిలబడి, లేచి, వెనక దుమ్ము దులుపుకున్నాడు.

"తే కాగితం."

స్టాంపు ప్యాడు లేదు. పెన్నులోంచి సిరా బొటనవేలికి రాసి పట్టుకున్నాడు రాందాసు. ముద్ర కొంచెం వంకరగా పడింది. నోటుబుక్కులో పదకొండోదాని పక్కన టిక్కు పెట్టాడు.

శనివారం కోదాడలో ఖమ్మం రోడ్డు పక్కన మోతీలాల్ రేకుల షెడ్డు ముందు ఆరుగురూ సామాను విప్పి వరసగా పరిచారు. మిగతా అయిదుగురివీ రెగ్జిన్ సంచులు, కాన్వాసు సంచులు. రాందాసు భుజం మీద జోడు చూసి తిరుపతయ్యకు నవ్వు ఆగలేదు.

"సంచి మంచిగున్నది రాందాస్. ఎద్దు యాడున్నది?"

"మోతె నుంచి వస్తదన్నరు. వచ్చింది గద," అన్నాడు రాందాసు. ఈసారి మిగతా నలుగురూ నవ్వారు.

మోతీలాల్‌కు నలభై ఏళ్లుంటాయి. పుట్టింది తండాలోనే అయినా మాట కోదాడ మాట, నడక నేవీ నడక. ఒక్కొక్కరి ముందూ గొంతుక్కూర్చుని ప్రతి వస్తువూ చేత్తో పట్టి చూశాడు.

"ఈ బూట్లలో దూదేంటయ్యా? నీళ్లు తాగితే కాలికి రాయి కట్టుకున్నట్టుంటది."

"తీసేస్త సార్."

"తీసేస్తే ఊడిపోతాయిగా?"

"ఊడిపోతే ఉత్త కాళ్లతోని ఉంట సార్. నాకు అలవాటే."

మోతీలాల్ మీసంలో నవ్వుకున్నాడు. జోడు సంచి ఎత్తి, రెండు చేతుల్లో రెండు పక్కలూ తూచి చూశాడు. రెండూ ఒకే బరువున్నాయి. కాగితంలో ఒక సంచే గదా, ఇవి రెండున్నాయని ఎవరో అన్నారు. "పడవ అడిగేది కూడా ఇదే, రెండు పక్కలా సమానం," అని పక్కన పెట్టాడు. తర్వాత తాడు తీసుకున్నాడు. "చేత్తో పేనిందే. ఏదీ, ఆ స్తంభానికి ఒక ముడి వెయ్యి."

రాందాసు కట్టాడు. మోతీలాల్ పెదవి విరిచాడు. "ఇది నిలవదు తమ్ముడూ."

"పట్టుకొని ఏలాడున్రి సార్."

మోతీలాల్ తాడు పట్టుకుని వెనక్కి వాలాడు. నిలిచింది. కాళ్లు స్తంభానికి తన్ని పూర్తిగా వేలాడాడు. నిలిచింది. "బాగానే ఉందే. మరి విప్పడం ఎట్లా?" అన్నాడు, అట్లా వేలాడుతూనే.

చెప్పింది చేసే అలవాటు కొద్దీ రాందాసు ఎడమ చేత్తో కొస లాగాడు.

నేవీలో పదిహేనేళ్లు చేసిన మనిషి కోదాడ దుమ్ములో వెల్లకిలా పడ్డాడు. ఎవరూ నవ్వడానికి సాహసించలేదు. మోతీలాల్ పడుకునే, లంబాడీలో అడిగాడు, ఇది ఎవరు నేర్పారని. రాందాసు లంబాడీలోనే చెప్పాడు.

"మా తాతకు వచ్చేదంట," అన్నాడు మోతీలాల్ లేచి చొక్కా దులుపుకుంటూ, మళ్లీ తెలుగులోకి వచ్చి. "మా నాన్న నేర్చుకోలేదు. సరే, పడవలో సామానంతా ఒక్క తాటికి గుచ్చి కట్టే పని నీదే. వేరేవాళ్లు చెయ్యి పెట్టొద్దు."

వ్యాను హుజూర్‌నగర్ మీదుగా పోయి మిర్యాలగూడలో తండ్రి పనిచేసే రైసుమిల్లు ముందు ఆగింది. జైరాం ఊక దుమ్ముతో తెల్లబడ్డ తలతో బయటికి వచ్చి, కొడుకు చేతిలో అటుకుల మూట పెట్టాడు. వ్యాను మీద కట్టిన సామాను వంక చూశాడు.

"నీ ముడేనా?"

"నాదే బాపు."

"ఎన్ని దినాలు పట్టింది?"

"రెండు."

"నాకు నెల పట్టింది. కొట్టి నేర్పిండు. లారీల మీద బస్తాలకు గిప్పటికీ గదే కడ్త." జైరాం తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. "దాని మీద గంత పట్టింపు ఎందుకో నాకు ఎన్నడు చెప్పలె."

రాందాసు అటుకుల మూట పట్టుకుని వ్యానెక్కాడు. అది చెప్పవలసింది తను కాదు.

మొదటి రోజు పొద్దుగూకేదాకా సాగర్ నీళ్లు నిద్రపోతున్నట్టున్నాయి. చాప ఎత్తడం, దించడం, గాలి ఎటు తిరిగితే అటు చుక్కాని తిప్పడం నేర్చుకున్నారు. నీటికాకులు ఎండిన కొమ్మల మీద రెక్కలు ఆరేసుకుంటుంటే, వాటిని చూసి తిరుపతయ్య, "గొంగడి ఆరేసినట్టున్నయి," అన్నాడు. ఒక గుట్ట మీద దిగి, అటుకులు నానబెట్టుకుని తిన్నారు. అంత నీలం రాందాసు అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

రెండో రోజు మధ్యాహ్నం రెండు కొండల మధ్య సందులోకి పోయారు. అక్కడ గాలి మామూలుగా వీచదు, కొండ మీదినుంచి దొర్లి పడుతుంది. మోతీలాల్ చాప వదలమని కేక వెయ్యకముందే పడవ ఒక పక్కకు ఒరిగింది. అంచు నీళ్లకు తగిలి, నీళ్లు లోపలికి దూకాయి. నడుమ ఉన్న సామానంతా పల్లపు వైపుకు జారింది. ఆ పక్క కూర్చున్నది తిరుపతయ్య. ఆరు సంచులూ బియ్యం మూటా ఒక్కసారిగా అతని తొడల మీదికి వచ్చి పడ్డాయి. తాడు బిగుసుకుని వాటిని అక్కడే పట్టి ఉంచింది. అతను రెండు చేతులతో నెట్టినా కదలలేదు. నీళ్లు నడుము దాకా వచ్చాయి.

చుక్కాని మీద పడుకున్నట్టు వాలి మోతీలాల్ అరిచింది లంబాడీలో. వదిలెయ్యమని.

రాందాసు కుడి చెయ్యి అప్పటికే తిరుపతయ్య చొక్కా పట్టుకుని ఉంది. ఎడమ చేత్తో కొస వెతికి లాగాడు. ఒక్క గుంజు. తాడు పాములాగా పరుగెత్తింది, బియ్యం మూట ముందు, దాని వెనక సంచులన్నీ అంచు దాటి నీళ్లలో పడ్డాయి. పడవ ఒక్క ఊపుతో పైకి లేచింది.

కొంతసేపు నీళ్లు తోడుకునే చప్పుడే. తిరుపతయ్య కాలు పిసుక్కుంటూ కూర్చున్నాడు. రెగ్జిన్ సంచులు రెండు తేలుతుంటే మోతీలాల్ తెడ్డుతో లాగాడు. యూరియా బస్తాల జోడు కాసేపు, కనపడని ఎద్దేదో ఈదుతున్నట్టు, రెండు పక్కలా సమానంగా తేలుతూ పోయింది. లోపల లోటా ఉంది గదా, మెల్లగా మునిగింది.

"అరే రాందాస్," అన్నాడు తిరుపతయ్య, పళ్లు టకటకమంటుంటే. "నీ ఎద్దు పోయింది."

"పోనియ్యి," అన్నాడు రాందాసు. ఇంకా అతని చొక్కా వదల్లేదు.

ఆ సాయంత్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్లు అన్నమూ చేపల కూరా పెట్టారు. దొరికిన సంచుల్లోవి తడిసి ముద్దయ్యాయి; ఆరుగురూ మిగిలిన ఒక్క గొంగడి చుట్టూ చేరారు. తిరుపతయ్య దాన్ని పొద్దుటి నుంచీ కప్పుకునే ఉన్నాడు గనక అదొక్కటి దక్కింది.

సోమవారం పెన్‌పహాడ్‌లో బస్సు దిగినప్పటి నుంచీ రాందాసు మనసులో లెక్క ఒక్కటే. జాబితాలో రాసుకున్న వస్తువుల్లో ఒక్కటీ తిరిగి రాలేదు. బూట్లు కూడా. తాడు పోయింది. తాత చెప్పి కుట్టించిన జోడు పోయింది. ఏ మొహంతో చెప్పాలి?

రూప్లా తండా మొదట్లోనే, దారి పక్క బండ మీద కూర్చుని ఉన్నాడు. ఎప్పటినుంచి కూర్చున్నాడో. మనుమడి ఖాళీ భుజాలు చూశాడు. ఉత్త కాళ్లు చూశాడు.

"ఎంతమంది పోయిన్రు?"

"పడవల ఏడుగురం దాదా. సార్‌తోని."

"ఎంతమంది వచ్చిన్రు?"

"ఏడుగురం."

రూప్లా తల ఊపాడు. "ఏ చేత్తోని గుంజినవ్?"

"ఎడమ చేత్తోని."

"ఎన్ని గుంజులు?"

"ఒక్కటే."

ముసలాయన ఆ ఎడమ చెయ్యి అందుకున్నాడు. అరచేతిలో తాడు ఒరుసుకుపోయిన గీత ఎర్రగా ఉంది. దాన్ని బొటనవేలితో రాస్తూ, ఇంటికి పోయేదాకా ఆ చెయ్యి వదల్లేదు. ఇంటి దగ్గర సక్కుబాయి, "నా లోటా పాయెనా? మా అవ్వ ఇచ్చిన లోటా," అని మొదలుపెట్టి, మామ మొహం చూసి, చప్పున బిడ్డకు బువ్వ పెట్టడానికి లోపలికి పోయింది.

నాలుగేళ్లకు, తొంభై రెండులో, కృష్ణకు మళ్లీ పుష్కరాలు వచ్చాయి. ఈసారి ఎవరూ అడగకముందే రూప్లా తెల్ల ధోవతి కట్టుకుని, "వాడపల్లికి పోదాం పాండ్రి," అన్నాడు. రేవులో పిండం పెట్టించే అయ్యగారు, పోయినవారి పేరేమిటని అడిగాడు. దీప్లా, అన్నాడు రూప్లా. ఏమవుతాడు? అన్న. ఎట్లా పోయాడు? అక్కడే, కొడుకూ కోడలూ వింటుండగా, ఎదురుగా నీళ్లు పారుతుండగా, రూప్లా ఏమీ దాచకుండా చెప్పాడు. జైరాం తండ్రిని చెయ్యి పట్టుకుని మెట్లెక్కించాడు. ఆ తర్వాత రూప్లా ఇంకో రెండేళ్లు బతికాడు.

రాందాసు బడిపంతులయ్యాడు. ఏటా పిల్లలకు ఆ ముడి నేర్పిస్తాడు. ఎందుకో కూడా చెబుతాడు.

దీప్లాకు ఫొటో లేదు. ఏ కాగితంలోనూ పేరు లేదు, వేలిముద్ర లేదు. పదహారేళ్లకే పోయాడు గనక పిల్లలు లేరు, ఆ పేరు పెట్టుకున్న మనుమలు లేరు. మీరు ఎప్పుడైనా మిర్యాలగూడ నుంచి గుంటూరు దిక్కు పోతూ వాడపల్లి దగ్గర వంతెన ఎక్కితే, బస్సు కిటికీలోంచి ఒక్కసారి కిందికి చూడండి. పందొమ్మిది ఎడ్లను ఒడ్డుకు తోలి ఇరవయ్యోదాని కోసం వెనక్కి ఈదిన పిల్లవాడొకడు అక్కడ ఉన్నాడు. అతని పేరు దీప్లా. వంతెన దాటేలోపు ఒక్కసారి తలుచుకోండి.